చెరువు కట్ట కింద ఇల్లు, కదలనంటున్న మామ

ఈ వారం ఉత్తరం తిరుపతి జిల్లా రామచంద్రాపురం మండలం నుంచి వచ్చింది, రాయలచెరువు కట్టకు దిగువన ఉన్న ఒక పల్లె. పేరు, ఊరు వేయొద్దని అడిగినారు కాబట్టి వేయడం లేదు. ఉత్తరం చాలా పెద్దది, కుదించి చెప్తాను.

ఇంట్లో ఆవిడ, ఇద్దరు చిన్న పిల్లలు, డెబ్బై దాటిన మామ, పక్షవాతంతో మంచం పట్టిన అత్త. భర్తకు శ్రీపెరంబుదూరు దగ్గర కంపెనీలో పని, పదిహేను రోజులకోసారి ఇంటికొస్తాడు. కొట్టంలో రెండు జెర్సీ ఆవులు, ఒక ఎనుము ఉన్నాయి, పాలకేంద్రానికి పోసే పాల డబ్బుతోనే ఇల్లు నడుస్తుంది. 2021 నవంబర్లో చెరువు కట్ట లీకవుతోంది, ఊరు ఖాళీ చేయండి అని చెప్పినప్పుడు వీళ్ళు కూడా పోయినారు. ఒక స్కూల్లో పెట్టినారు, బాత్రూముకు పోవాలంటే లైను, పిల్లోడికి జ్వరం. కట్ట మాత్రం తెగలేదు. తిరిగొచ్చి చూస్తే కొట్టంలో కట్టేసి పోయిన ఎనుము దూడ చచ్చిపడి ఉంది. మేత వేస్తానన్న పక్కింటాయన కూడా ఆ రాత్రే ఊరు వదిలేసినాడంట. పోదాం పోదాం అని తొందరపెట్టింది ఈవిడే కాబట్టి దూడ పోయిన నింద ఇప్పటికీ ఈవిడ మీదే ఉంది.

ఇప్పుడు మళ్ళీ బంగాళాఖాతంలో అల్పపీడనం, తుఫాను అవుతుందని టీవీల్లో చెప్తా ఉన్నారు. మామది ఒకటే మాట, "మా నాయన కాలం నుంచి చూస్తా ఉండా, ఆ కట్ట యాడికీ పోదు, నేనూ యాడికీ పోను." అత్త ఆయన లేకుండా కదలదు. పాకాలలో ఈవిడ పుట్టింటికి పోదామంటే "వియ్యంకుల ఇంట్లో పడి తినేదానికి మాకేం ఖర్మ" అన్నారు. హ్యూస్టన్‌లో ఉన్న మరిది ఫోన్ చేసి "ఇక్కడ హరికేన్ అంటే ముందే కారెక్కి పోతాం వదినా, మీరేంది ఇంకా ఆలోచిస్తా ఉండారు" అన్నాడంట, దానికి మామ "వానికి కారుండాది, నాకు ఎనుముండాది" అన్నాడంట. చివర్లో ఆవిడ అడిగింది ఇది: "పిల్లల్ని తీసుకొని నేను పోతే ముసలోళ్ళని వదిలేసి పోయిందంటారు. ఉంటే పిల్లలకేమన్నా అవుతుందేమో అని రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. అక్కా, నేనేం చెయ్యాల?"

చెల్లీ, ఉత్తరం మొత్తంలో నాకు బాగా పనికొచ్చిన ముక్క మీ మామ అన్న ఆ ఎనుము మాట. కట్ట మీద నమ్మకం అనేది ఆయన పైకి చెప్పేది, లోపల ఉండేది ఆ దూడ. దాన్ని కట్టేసింది ఎవరు, ఆయనే కదా, పలుపు విప్పకుండా పోతిమే అనే బాధ ఆయనకు లేకుండా ఉంటుందా. నీ మీదకు నెట్టేస్తే కొంచెం తేలిగ్గా ఉంటుంది, అంతే. నీకు అన్యాయమే, కాదనను, కానీ ఆ పంచాయితీ ఇప్పుడు పెట్టుకోవద్దు, వానలు పోయినాక సంక్రాంతికి మీ ఆయన వచ్చినప్పుడు పెట్టుకో. ఇప్పుడు తెలుసుకోవాల్సింది ఏందంటే పశువుల సంగతి తేలకుండా నువ్వు వాతావరణ శాఖ బులెటిన్లు ఎన్ని చదివి వినిపించినా ఆయన చెవికెక్కవు.

ఇక "అప్పుడేం కాలేదు కదా" అనే మాట. ఇది మీ ఇంట్లోనే కాదు, మీ చుట్టుపక్కల ఊర్లన్నిట్లో వినపడే మాటే. 2021లో వచ్చింది తుఫాను కూడా కాదు, వాయుగుండం, తుఫాను స్థాయికి పోలేదు కాబట్టి దానికి పేరు కూడా పెట్టలేదు. నవంబర్ 19 తెల్లవారుజామున పుదుచ్చేరికి చెన్నైకి మధ్య తీరం దాటింది. ఆ పేరు లేని వాయుగుండానికే తిరుపతి మునిగింది, కపిలతీర్థంలో వరద ఎట్లా దూకిందో అందరం చూసినాం, శ్రీకృష్ణానగర్‌లో ఒక ఇంట్లో భూమిలో దింపిన సిమెంటు రింగుల నీళ్ళ ట్యాంకు కింద నుంచి వచ్చిన ఒత్తిడికి పైకి లేచి మనిషి కంటే ఎత్తు నిలబడింది. సరిగ్గా అదే తెల్లవారుజామున, కార్తీక పౌర్ణమి నాడు, కడప జిల్లా రాజంపేట దగ్గర అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి చెయ్యేరు పులపుత్తూరు, మందపల్లి మీద పడింది, పదుల మంది పోయినారు. ఒకటే వాన, అక్కడ కట్ట పోయింది, మీ దగ్గర నిలబడింది. మీ దగ్గర కూడా ఊరికే నిలబడలేదు, జనాలు ఇసుక మూటలు మోసి మోసి నిలబెట్టినారు. మీరు ఇల్లు వదిలిన రోజు అది నిలుస్తుందని ఎవరికీ తెలీదు, మీ మామకు కూడా తెలీదు, అందుకని ఆ రోజు పోవడం తప్పు నిర్ణయం కాదు, దూడను కట్టేసి పోవడం ఒక్కటే పొరపాటు. ఈ రెండింటినీ విడదీసి మామకు చెప్పగలిగితే సగం గొడవ తగ్గుతుంది.

ఇంకొకటి చూడు, వాయుగుండం తీరం దాటింది 19న, మీ కట్టకు లీకేజీ అని హడావుడి అయింది 21న. అప్పటికి వాన తగ్గింది కూడా. పైన ఉన్న చెరువులు, వంకలు నిండి ఆ నీళ్ళన్నీ కిందికి దిగడానికి టైం పడుతుంది, గొలుసుకట్టు చెరువులంటే అంతే కదా, ఒకటి నిండితే దాని మొరవ, అంటే నిండినాక ఎక్కువైన నీళ్ళు బయటికి పోయే దారి, ఆ నీళ్ళు ఇంకోదాంట్లోకి. అందుకని "ఎండ కాసింది, ఇంక ఇంటికి పోదాం" అని మర్నాడే వచ్చేయొద్దు.

టీవీలో తుఫాను పేరు ఏంది, గాలి ఎంత వేగం అని చెప్తా ఉంటే మీరు దాన్నే చూస్తా కూర్చోవద్దు. గంటకు 62 కిలోమీటర్లు దాటితే తుఫాను, 88 దాటితే తీవ్ర తుఫాను అని లెక్క, అదంతా గాలి లెక్క. మన తిరుపతి పక్క ప్రాణాలు పోయేది గాలికి కాదు, నీళ్ళకి. 2021 అక్టోబర్లో వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జిలో యాత్రికుల బండి నీళ్ళల్లో ఇరుక్కొని ఒకమ్మాయి చనిపోయింది, ఆ రోజు తుఫానే లేదు. మీకు కావాల్సింది జిల్లాకి ఏ రంగు అలర్ట్ ఇచ్చినారు, ఎన్ని మిల్లీమీటర్లు అంటున్నారు అనేది. 24 గంటల్లో 115 మిల్లీమీటర్లు దాటితే అతి భారీ, 204 దాటితే అత్యంత భారీ, రెడ్ అలర్ట్ సాధారణంగా దీనికే ఇస్తారు, ఆరెంజ్ దానికి ఒక మెట్టు కింద. తిరుపతి జిల్లాకి రెడ్ అని వచ్చి, అప్పటికే చెరువు నిండుగా ఉందంటే మీ ఇంటికి అది పెద్ద సంగతి. చెరువు సగం ఉంటే అదే రెడ్ అలర్టుకు అంత కంగారు పడక్కర్లేదు. చెరువు ఎంత ఉందో హైదరాబాద్ చానల్ వాళ్ళు చెప్పరు, అది తెలిసింది మీ మామకే.

అందుకే నా సలహా, ఆయనతో పోదామా వద్దా అని వాదించొద్దు. ఆయన్నే అడుగు. వాన లేని రోజు, అన్నం తిని అరుగు మీద కూర్చున్నప్పుడు అడుగు, "మామా, మొరవ ఎంత పారితే మనం కదలాల? కట్ట మీద ఏం కనపడితే భయపడాల?" అని. జీవితమంతా ఆ చెరువు నీళ్ళతో కయ్యలు పండించిన మనిషి, ఈ ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు లేకుండా ఉండదు. కట్ట కింద ఊట పడినా నీళ్ళు తేటగా వస్తా ఉంటే ఒక రకం, బురదగా వస్తే ఇంకో రకం, బురద అంటే లోపల మట్టి కోసుకుపోతా ఉందని. కట్ట వాలు మీద పగుళ్ళు, ఒక పక్క జారడం, కట్ట కింద నేలలో బుడగలు బుడగలుగా నీళ్ళు ఉబకడం, ఇవన్నీ చెడ్డ గుర్తులు. నీళ్ళు మొరవ మీద కాకుండా కట్ట మీద నుంచే పొర్లినాయంటే మట్టికట్ట ఎంతోసేపు ఆగదు. వీటిల్లో ఆయనే రెండు మూడు చెప్తాడు. ఆయన నోటితో ఒక గీత గీయిస్తే రేపు అది దాటినప్పుడు నువ్వు బతిమాలక్కర్లేదు, "మామా, నువ్వు చెప్పిందే వచ్చింది" అంటే చాలు. ఇంత చెప్పినా ఆయన ఏ గీతా గీయను అంటే, అప్పుడు గీత నువ్వు గీసుకో, కానీ గీసినట్టు ఆయనకు ముందే చెప్పు, చాటుగా పెట్టుకోవద్దు.

మీ మరిది మాట కూడా పూర్తిగా తీసేయొద్దు, పూర్తిగా నమ్మొద్దు. అక్కడ సముద్రం పక్కన ఏ ఇల్లు ఏ జోన్‌లో ఉందో ముందే మ్యాపులు వేసి పెడతారు, ఏ జోన్ కదలాలో చెప్తారు, మనకు ఇంటింటికీ అట్లాంటి లెక్క లేదు. కానీ కారు ఉన్నంత మాత్రాన అయిపోదు. ఆయన ఊర్లోనే 2005 సెప్టెంబర్లో రీటా హరికేన్ వస్తా ఉందని లక్షల మంది ఒకేసారి రోడ్డెక్కితే కార్లు గంటల తరబడి కదల్లేదు, ఎండ, పెట్రోలు అయిపోవడం, వృద్ధాశ్రమం నుంచి ముసలోళ్ళను తీసుకుపోయే ఒక బస్సు తగలబడి 23 మంది పోయినారు. హరికేన్ దెబ్బకంటే ఆ ప్రయాణంలో పోయినోళ్ళే ఎక్కువ. మీ అత్త లాంటి మనిషిని కదిలించే ఇంట్లో ఇది గుర్తుపెట్టుకోవాల. ఇంకోటి, 2024లో హెలీన్ ఫ్లోరిడాలో తీరం దాటితే ఘోరంగా దెబ్బతిన్నది సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న నార్త్ కరోలినా కొండల పక్క ఊర్లు. మనకు సముద్రం యాడుంది, మనకేం తుఫాను అనేవాళ్ళకు ఇది చెప్పొచ్చు, కొండల మీద పడిన వాన కింద ఉన్నోళ్ళ మీదకే వస్తుంది, శేషాచలమైనా అంతే.

సరే, ఇప్పుడు నీ ముందు ఏమేమి దారులు ఉన్నాయో చూద్దాం.

అందరూ ఇంట్లోనే ఉండడం ఒకటి. గాలి వరకైతే మీ స్లాబు ఇల్లు తట్టుకుంటుంది, కరెంటు పోతుంది, రెండు రోజులు కష్టపడతారు, అంతే. కట్ట తెగితే మాత్రం నది పొంగినట్టు మెల్లగా రాదు, ఒక్కసారిగా వస్తుంది. మిద్దె పైకి మెట్లు లేవు, నిచ్చెన ఉందని రాసినావు. పిల్లలు ఎక్కుతారు, నువ్వు ఎక్కుతావు, మీ అత్తను చీకట్లో వానలో ఆ నిచ్చెన మీద ఎవరు ఎక్కిస్తారు? ఈ ఒక్క ప్రశ్న మామను అడుగు, కోపంగా కాదు, నిజంగానే అడుగు. చెరువు సగమే ఉండి, ఆరెంజ్ అలర్ట్ మాత్రమే ఉంటే ఇంట్లో ఉండడం పిచ్చి పనేం కాదు, అది కూడా చెప్తున్నా.

మైకు వచ్చేదాకా ఆగి అప్పుడు పోదాం అనేది రెండోది, ఎక్కువ మంది చేసేది ఇదే. దీంట్లో మంచి ఏందంటే ఊరికే పోయి ఊరికే వచ్చే బాధ ఉండదు. చెడ్డ ఏందంటే అప్పటికి ఊరంతా ఒకేసారి కదులుతుంది, ఆటో దొరకదు, చీకటి పడి ఉండొచ్చు, వంకలు పారతా ఉంటాయి. అడుగు లోతు నీళ్ళు జోరుగా పారతా ఉంటే చిన్న కారు తేలిపోతుంది, మోకాలి లోతు పారే నీళ్ళల్లో మనిషి నిలబడలేడు, ఇక ఆటోలో మంచంపట్టిన మనిషిని పెట్టుకొని ఎట్లా దాటతావు. పైగా పోయేది మళ్ళీ ఆ స్కూలుకే, మీ అత్త నేల మీద పడుకోలేదు, పక్కపుండ్లు పడతాయి. 2021లో ఆమె నడిచేది, ఇప్పుడు నడవలేదు, అప్పటి లెక్క ఇప్పటికి సరిపోదు.

మూడోది విడిపోయి పోవడం. నాకు ఇది మీ ఇంటికి సరిపోయేట్టు కనపడతా ఉంది, కానీ దీంట్లో కూడా కష్టాలు ఉన్నాయి. ఉత్తరంలో ఒక చోట, గుట్ట పక్కన మీ చిన్నమామ వాళ్ళ మామిడితోట ఉంది, దాంట్లో రేకుల షెడ్డు ఉంది అని రాసినావు, నువ్వు దాన్ని పట్టించుకోకుండా వేరే విషయంలోకి పోయినావు. అదే మీ దారి కావొచ్చు. ఆరెంజ్ అలర్ట్ రాగానే, వాన మొదలు కాకముందే పశువులు తోటకు పోతాయి, వాటితో మామ పోతాడు. ఆయన పారిపోయినట్టు కాదు, ఇల్లు వదిలినట్టు కాదు, పశువుల దగ్గర ఉన్నాడు, అంతే. పాలు పిండకపోతే జెర్సీ ఆవులకు పొదుగు వాపు వస్తుంది కదా, ఆ పని ఆయనే చూసుకుంటాడు. నువ్వు, పిల్లలు, అత్త పాకాలకు. అత్త ఆయన లేకుండా కదలదు అన్నావు, ఆయన "నువ్వు పో, నేను ఎనుము దగ్గర ఉంటా" అని చెప్తే కదులుతుంది, నువ్వు చెప్తే కదలదు, కాబట్టి ఆ మాట ఆయనతోనే చెప్పించాల. కష్టం ఏందంటే ఆయన ముసలాయన, తోటలో రాత్రి ఒక్కడే, ఫోన్ చార్జింగ్ అయిపోతుంది, నీకు పాకాలలో ప్రాణం ఆగదు. చిన్నమామ కొడుకో, ఊర్లో ఎవరన్నా కుర్రోడో తోడుంటే తప్ప దీనికి ఒప్పుకోవద్దు. ఇంకో కష్టం, పశువులు పోయినాక ఆయన మధ్యలో ఇల్లు చూసొస్తా అని మళ్ళీ ఊర్లోకి దిగుతాడు, మగోళ్ళందరికీ ఉండే జబ్బే ఇది, దాని గురించి కూడా ముందే మాట తీసుకో.

తోటకు పశువులు పోలేని పరిస్థితి వస్తే, అంటే మరీ ఆలస్యమైతే, పలుపులు విప్పేసి కొట్టం తలుపు తీసి పెట్టి పోండి. విప్పిన పశువు ఎత్తుకు తనే పోతుంది, కట్టేసిన పశువుకు దారి లేదు. ఒక్కో ఆవు చెవి ట్యాగు కనపడేట్టు ఫోటో తీసి ఫోన్లో పెట్టుకో, ఆ పన్నెండు అంకెల నంబరు ఉంటే తర్వాత పరిహారమో ఇన్సూరెన్సో అడగాల్సి వస్తే ఇది మాదే అని చెప్పేదానికి ఉంటుంది. ఎనుముకు ట్యాగు లేకపోతే ఈ వారమే పశువుల డాక్టరు దగ్గర వేయించు.

వియ్యంకుల ఇంట్లో పడి తినడం అనే మాట గురించి. దాన్ని ఎగతాళి చేయొద్దు, ఆ తరానికి అది నిజంగా పెద్ద విషయం. మీ అమ్మతో ఫోన్ చేయించు, నీకు కాదు, మీ అత్తకు. "వదినా, పిల్లలతో అది ఒక్కతే అల్లాడిపోతుంది, మీరు కూడా వస్తే నాకు ధైర్యం" అని మీ అమ్మ అడిగితే అది పిలుపు అవుతుంది, నువ్వు చెప్తే అది ఖర్మ అవుతుంది. పోయేటప్పుడు ఒక బియ్యం మూట, పప్పు తీసుకొని పోండి, తిని కూర్చున్నామనే మాట రాదు. అప్పటికీ ఒప్పుకోకపోతే తిరుపతిలో నాలుగు రోజులకు రూము తీసుకోవచ్చు, కానీ వానలకు ఘాట్ రోడ్డు మూసినప్పుడల్లా యాత్రికులతో లాడ్జీలు నిండిపోతాయి, దొరికిన రూము మూడో అంతస్తులో లిఫ్టు లేకుండా ఉంటే అత్తతో అది ఇంకో కథ. కింద అంతస్తు అని ముందే అడిగి పెట్టుకోవాల, డబ్బు కూడా అవుతుంది.

నువ్వు పిల్లల్ని మాత్రమే తీసుకొని పోవడం ఆఖరిది. ఎవరూ ఏదీ వినకపోతే, మామ గీసిన గీత దాటినా కూర్చుంటే, తహశీల్దారు ఆఫీసు వాళ్ళు ఖాళీ చేయమన్నా కూర్చుంటే, నువ్వు పోవచ్చు. దానికి నీకు ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. ఊరు ఏమంటుందో నువ్వు రాసినావు, అంటుంది కూడా, నేను అబద్ధం చెప్పను, ఒక రెండేళ్ళు అంటుంది. కానీ వదిలేసి పోవడానికీ, చెప్పి పోవడానికీ తేడా ఉంది. పోతా పోతా వీఆర్వోకు, సచివాలయంలో, మా ఇంట్లో మంచంలో ఉన్న మనిషి ఉంది, ఫలానా ఇల్లు అని పేరుతో సహా చెప్పి పో, 112కి ఫోన్ చేసి చెప్పు, రాష్ట్ర కంట్రోల్ రూముకు 1070 ఉంది, దానికీ చెప్పు. వాళ్ళు మనుషుల్ని పంపి మోసుకొస్తారు, కానీ ఇంట్లో అట్లాంటి మనిషి ఉందని ముందే తెలిస్తే కదా వచ్చేది.

మీ ఆయన సంగతి ఉత్తరంలో ఒక్క లైనే రాసినావు, "ఆయన వస్తాడులే అంటాడు" అని. రాలేడు చెల్లీ. మన మీదకు వచ్చే తుఫాన్లు ఎక్కువగా చెన్నై పక్కగా వచ్చేవే, 2023 డిసెంబర్లో మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటేలోపు చెన్నైని ముంచేసి వచ్చింది. నీకు ఆయన కావాల్సిన రోజే ఆయన ఉన్న రోడ్లు మూసి ఉంటాయి. అందుకని ఆయన వచ్చి చేయాల్సిన పని ఏమీ ప్లాన్‌లో పెట్టుకోవద్దు, ఫోన్లో చేయాల్సిన పని మాత్రం గట్టిగా చేయించు. ఈ ఆదివారం ఆయన, హ్యూస్టన్ మరిది ఇద్దరూ కలిసి ఒకే కాల్‌లో వాళ్ళ నాయనతో మాట్లాడాల. "నాయనా, ఎనుము పోతే ఇంకో ఎనుము కొనిస్తాం" అని కొడుకులు చెప్పడం వేరు, కోడలు చెప్పడం వేరు. మరిదికి ఉచిత సలహాలే కాకుండా ఒక పని కూడా చెప్పు, తోట షెడ్డుకు టార్పాలిన్, రెండు వారాలకు తవుడు, వరిగడ్డి ట్రాక్టరు బాడుగ ఆయన పంపించొచ్చు. డాలర్లకు ఇదేం లెక్క కాదు.

నువ్వు ఈ రెండు రోజుల్లో చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. అత్త మాత్రలు కనీసం పదిహేను రోజులకు తెచ్చి పెట్టుకో, చీటీ ఫోటో తీసి పెట్టు. పాసు పుస్తకాలు, ఆధార్లు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి ఒకే చోట పెట్టు, నగలు ఏమన్నా ఉంటే బ్యాంకులో, దొంగతనం భయం కూడా మామ లిస్టులో ఉందని నాకు అనుమానం. రెడ్ అలర్ట్ అని తెలిసిన రోజు మధ్యాహ్నం నాలుగు లోపల బయలుదేరాల, ఆ తర్వాత అయితే మర్నాడు తెల్లారినాకే, చీకట్లో వంక దాటే పని మాత్రం పెట్టుకోవద్దు. ఇక మీ ఊరి ఆటో అబ్బాయికి ఇప్పుడే చెప్పి పెట్టు, వెనక సీటు తీసి పరుపు వేసుకునేట్టు వస్తాడా అని అడుగు, డబ్బు ముందే ఇచ్చెయ్. వాన మొదలైనాక మీ ఊర్లో పది ఇళ్ళవాళ్ళు ఫోన్ చేసేది అతనికే.